పట్టము, బిరుదు, వీరశ్రేణి

ఓరుగంటిసీమలోని పాలంపేటయందు నేఁడు రామప్పగుడి యనఁబడు రుద్రేశ్వరాలయమును గాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుఁడు శా.శ. 1135 (క్రీ.శ. 1213) లోఁ బ్రతిష్ఠించెను. అందలి శాసనము ప్రభువును, సేనానిని, వారి వంశములను బ్రశంసించుచున్నది. ఆ సంవత్సరపుఁ జేఁబ్రోలిశాసనమున, గణపతిదేవుఁడు గజసైన్యాధిపతి యగు జాయనకుఁ బల్లకి, ఛత్రము మున్నగు చిహ్నములను, ‘వైరిగోధూమఘరట్ట’ యను బిరుదును నొసఁగినట్లున్నది. శత్రువులను గోధుమలకుఁ దాను తిరుగలివంటివాఁడని దాని యర్థము. కాకతీయుల కొలువున వీరసన్మానము బిరుదముచేతను, జిహ్నముచేతను జరుగుచుండె ననుటకిది నిదర్శనము.

ఐరోపారాజకుటుంబములవారు భుజమునుండి నడుమువఱకు నేటవాలుగా ధరించు వన్నెపట్టికను, దానికి మూలమైన ‘ఆర్డరు’ను గూడ మనవారు బిరుదనియే వ్యవహరింతురు. ఇది విచారణీయము.

ఆర్డరనఁగా మొదట నొక సంఘము. ఇంగ్లండురాజు మూఁడవ ఎడ్వర్డు 1348 ప్రాంతమున స్థాపించిన గార్టరు సంఘమునకు రాజును, యువరాజును గాక యిరువదినలువురు వీరులే సభ్యులుగా నేర్పడిరి. ఎడమమోఁకాలిక్రింద నీలపుఁబట్టెయు, నెడమభుజమునుండి కుడినడుమునకు వ్రేలు నీలపట్టికయు దాని గుఱుతులు. బర్గండీప్రభువు ఫిలిప్పు 1430 లో స్థాపించిన స్వర్ణోర్ణసంఘమునకు గొఱ్ఱెతోలు వ్రేలెడి కంఠహారము చిహ్నము. పట్టికవన్నె సంఘమును దెలుపును. పెక్కుసంఘములయందు ధరించువిధము తరగతినిఁ దెలుపును. పైతరగతివారు భుజముమీఁదను, దిగువవారు మెడయందో ఱొమ్మునందో ధరింతురు.

తరగతిభేదము మనకును గ్రొత్తగాదు. వరాహమిహిరుఁడు బృహత్సంహితలోఁ బట్టలక్షణమును జెప్పుచు, రాజుపట్టము నడుమ నెనిమిదంగుళములు, రాణిది యేడు, యువరాజుది యాఱు, సేనాపతిది నాలుగు, ప్రసాదపట్టము రెండంగుళములని విధించెను. రాజుపట్టమునకు శిఖలైదు, రాణికిని యువరాజునకును మూఁడేసి, సేనాపతి కొక్కటి, ప్రసాదపట్టమునకు శిఖ లేదు. ఇవి బంగారురేకులు, వస్త్రములుగావు. ‘పట్టము గట్టుట’ యను మన పలుకుబడి నొసటఁ గట్టు నీ పట్టమును స్మరింపఁజేయును.

ఐనను భేదమిది. పట్టము పదవికిఁ జెందును. బిరుదు వీరునకో, వాని వంశమునకో చెందును. ఆర్డరు సంఘమునకుఁ జెందును. గార్టరువీరుఁడు మరణించినచోఁ గుమారుఁడు సభ్యుఁడు గాఁజాలఁడు. ముఖ్యచిహ్నములు రాజునకు మరలఁ జేరవలెను. జాయనబిరుదమో, శిలపై నేఁటికి నతని పేరనే నిలిచియున్నది.

ఈ రెండు పద్ధతులును మనదేశమునఁ గలిసినది 1861 లో. అప్పుడు విక్టోరియారాణి ‘స్టార్ ఆఫ్ ఇండియా’ సంఘమును స్థాపింపఁగా హైదరాబాదు నిజాము అఫ్జలుద్దౌలా యందుఁ జేర్పఁబడెను. తెల్లయంచుగల లేతనీలపుఁబట్టిక దాని గుఱుతు. 1948 పిమ్మట నందెవ్వరును జేర్పఁబడలేదు. నాఁటి తెలుఁగువారు దానినిఁ గూడ బిరుదనుటచే, నది ప్రభువుపట్ల విధేయతచేఁ గట్టువడిన సంఘమను నంశము మఱుఁగుపడినది.

కావున ఆర్డరును ‘వీరశ్రేణి’ యనియు, భుజమునఁ దాల్చుదానిని ‘పట్టిక’ యనియుఁ జెప్పి, ‘బిరుదు’ను రుద్రజాయనాదుల ప్రశస్తులకు విడిచిపెట్టుట యుక్తము. అట్లయినఁ జరిత్రపాఠములను జదువు బాలురు రెండు లోకముల సన్మానములను నొకటిగా భ్రమింపకుందురు.