హెచ్‌ఆర్ మీద టికెట్ వేస్తే? హెచ్‌సీఎల్ చేసిన ప్రయోగం

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి 'టికెట్' అంటే ఏంటో చెప్పక్కర్లేదు. క్లయింట్‌కి సమస్య వస్తే టికెట్ వేస్తాడు. గడువులోపు మనం క్లోజ్ చేయాలి. లేటయితే అది మన పైవాళ్ల దగ్గరికి వెళ్తుంది. మరి మన సమస్యల సంగతేంటి? జీతంలో కటింగ్ తప్పు పడింది, ట్రావెల్ బిల్లు రాలేదు. మెయిల్ మీద మెయిల్ పెడతాం, "చూసి చెప్తాం" అంటారు. అక్కడితో సరి.

ఆ టికెట్‌ని ఉద్యోగి చేతికే ఇచ్చిన ఇండియన్ కంపెనీ హెచ్‌సీఎల్ టెక్నాలజీస్. ఈ కథ 2005లో మొదలైంది.

అసలు ఎందుకు చేశారు?

అప్పట్లో మన ఐటీ కంపెనీల బలం ఒక్కటే: తక్కువ ఖర్చుకి మంచి ఇంజినీర్లు. కానీ ఐబీఎం, యాక్సెంచర్ లాంటివి ఇండియాకే వచ్చి అదే ఇంజినీర్లని తీసుకోవడం మొదలుపెట్టాయి. ఇంకోపక్క టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో హెచ్‌సీఎల్ కంటే వేగంగా పెరుగుతున్నాయి. అంటే ఫారిన్‌లో కాంట్రాక్టుల కోసం పోటీ, ఇక్కడ మనుషుల కోసం పోటీ. అందరి దగ్గరా అవే స్కిల్స్ ఉంటే క్లయింట్ మిమ్మల్నే ఎందుకు ఎంచుకోవాలి?

2005లో ప్రెసిడెంట్ అయిన వినీత్ నాయర్ జవాబు ఇది. కస్టమర్‌కి అసలు విలువ దొరికేది సీఈఓ దగ్గర కాదు, రోజూ అతనితో కాల్‌లో ఉండే ఇంజినీర్ దగ్గర. కాబట్టి ఆ ఇంజినీర్‌కి పైవాళ్లు జవాబుదారీగా ఉండాలి. దానికి పెట్టిన పేరే 'ఎంప్లాయీస్ ఫస్ట్, కస్టమర్స్ సెకండ్'. ముందు ఉద్యోగి, తర్వాతే కస్టమర్ అన్నమాట.

ఏం చేశారు?

మొదటిది, స్మార్ట్ సర్వీస్ డెస్క్. హెచ్‌ఆర్, ఫైనాన్స్, అడ్మిన్ లాంటి విభాగాల మీద ఉద్యోగి టికెట్ వేయొచ్చు. గడువు దాటితే అది దానంతటదే పై స్థాయికి వెళ్తుంది. అసలు కిటుకు ఎక్కడుందంటే, టికెట్ క్లోజ్ చేసేది హెచ్‌ఆర్ కాదు, వేసిన ఉద్యోగే. తృప్తి లేకపోతే అది ఓపెన్‌గానే ఉంటుంది. ఒకే రకం టికెట్లు గుట్టగా వస్తున్నాయంటే ఏ రూల్ జనాన్ని సతాయిస్తోందో మేనేజ్‌మెంట్‌కి కనిపిస్తుంది కూడా.

రెండోది, 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్. కింది ఉద్యోగులు బాస్‌కి మార్కులు వేయడం చాలా చోట్ల ఉంది, కానీ ఆ రిజల్ట్ రహస్యంగా ఉండేది. నాయర్ తన రిజల్ట్‌ని ఇంట్రానెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టారు. తర్వాత మిగతా మేనేజర్లూ పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. దీన్ని బోనస్‌కి, ప్రమోషన్‌కి ముడిపెట్టలేదు. ముడిపెడితే నిజం ఎవరు రాస్తారు చెప్పండి?

మూడోది, ట్రస్ట్ పే. ఫ్రెషర్ చేతిలో లేని కంపెనీ టార్గెట్ల మీద అతని వేరియబుల్ పే ఆధారపడితే అది న్యాయమా? అందుకే ఎక్కువమంది ఉద్యోగులకి ఆ భాగాన్ని కూడా ఫిక్స్‌డ్‌గా ఇచ్చేశారు.

ఫలితం వచ్చిందా?

2006 జనవరిలో బ్రిటన్ రిటైల్ కంపెనీ డీఎస్‌జీ ఇంటర్నేషనల్‌తో 33 కోట్ల డాలర్ల డీల్ కుదిరింది. ఇండియన్ ఐటీకి అప్పట్లో అది చాలా పెద్దది. ఈ ప్రయోగం హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో కేస్ స్టడీ కూడా అయింది.

అయితే క్రెడిట్ మొత్తం హెచ్‌ఆర్‌కే ఇచ్చేస్తే తప్పు. క్లయింట్ల సర్వర్లు, నెట్‌వర్క్‌లు దూరం నుంచి నడిపే పనిలో హెచ్‌సీఎల్‌కి ముందే పట్టుంది. 2008లో ఆక్సాన్ అనే బ్రిటన్ కంపెనీని కొనడమూ పెరుగుదలకి కలిసొచ్చింది. పైగా ఏ టికెట్ సిస్టమ్‌కైనా ఒక రోగం ఉంటుంది. "ప్లీజ్, అది క్లోజ్ చేసెయ్ బ్రో" అని ఫోన్ రావడం మొదలైతే నంబర్ బాగుంటుంది, సమస్య అక్కడే ఉంటుంది. పైవాళ్లు నిజంగా పట్టించుకున్నంత కాలమే టూల్ పనిచేస్తుంది.

మీకేంటి ఉపయోగం?

ఆఫర్ లెటర్ చేతికొస్తే ప్యాకేజీ ఒక్కటే చూడకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో వేరియబుల్ ఎంత, అది నా పని మీదా, కంపెనీ లాభం మీదా? నా కంప్లయింట్‌కి గడువు ఉందా? అది తీరిందని చెప్పేది ఎవరు, నేనా, వాళ్లా? ఆ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు విన్నారంటే, ఆ కంపెనీలో మీ మాటకి ఎంత విలువుంటుందో చాలావరకు అర్థమైపోతుంది.