క్రొత్త వైద్యునికి హస్తవాసి ఎట్లు అలవడును?

మంచి వైద్యుని గూర్చి మన తెలుగువారు “హస్తవాసి గలవాడు” అని చెప్పుకొందురు. అయితే హస్తవాసి పుట్టుకతో వచ్చు వరము కాదు. అది శిక్షణచేతను, అభ్యాసముచేతను, పెద్దల పర్యవేక్షణచేతను అలవడునట్టి నేర్పు. క్రొత్తగా పట్టా పొందిన వైద్యులు ఈ నేర్పును ఎట్లు సంపాదింతురో, అందు ప్రజలు ఎట్లు తోడ్పడవచ్చునో తెలిసికొనుట అందరికిని అవసరము.

బమ్రోలి పేటలో ఒక రోగి

సూరత్ నగరమందలి బమ్రోలి, పాండేసర, ఉధనా ప్రాంతములు మరమగ్గములకు ప్రసిద్ధి గాంచినవి. సూరత్ వస్త్ర పరిశ్రమలో గంజాం జిల్లానుండి వచ్చిన ఒరియావారును, ఉత్తరప్రదేశము, బీహారు, మహారాష్ట్రములనుండి వచ్చినవారును, తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములవారును పనిచేయుచున్నారు. పండ్రెండు గంటల పాళీ అచట సాధారణము.

అట్టి కార్మికుడొకడు రాత్రి 7 గంటలకు పనిలో దిగి ఉదయము 7 గంటలకు ఇల్లు చేరుననుకొందము. అతనికి మధుమేహము గలదు. “ఉదయము ఫలాహారమునకు ముందు ఈ మాత్ర వేసికొనుము” అని యువవైద్యుడు చెప్పును. కార్మికుడు ఇంటికి వచ్చి, మాత్ర వేసికొని, అలసటచే ఏమియు తినక నిద్రించును. కొన్ని మాత్రలవలన అట్టి సమయమున రక్తమందలి చక్కెర ప్రమాదకరముగా తగ్గి, స్మృతి తప్పవచ్చును. మందు సరియైనదే, మాత్రయు సరియైనదే. “నీ పని ఏ వేళ? భోజనమేవేళ?” అను రెండు ప్రశ్నలు మాత్రము లోపించినవి. రోగిని వినుటయే వైద్యుని మొదటి పనితనమని దీనివలన విశదమగుచున్నది. భాష తెలియని రోగి తల ఊపినంతమాత్రమున అర్థమైనదని తలంపరాదు. చెప్పిన దానిని అతనిచేతనే తిరిగి చెప్పించవలెను.

ఒక సంవత్సరపు అభ్యాసము

మన దేశమున ఎం.బి.బి.ఎస్. విద్య నాలుగున్నర సంవత్సరములు. పిమ్మట ఒక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ పొందినగాని శాశ్వతముగా పేరు నమోదు కాదు. జాతీయ వైద్య కమిషన్ 2021లో చేసిన నిబంధనల ప్రకారము, ఈ 52 వారములలో సామాజిక వైద్యమునకు 12 వారములును, ప్రసూతి, స్త్రీవైద్య, కుటుంబ సంక్షేమములకు 7 వారములును, సామాన్య వైద్యమునకును శస్త్రవైద్యమునకును చెరి 6 వారములును కేటాయింపబడినవి. మిగిలినవి శిశువైద్యము, ఎముకలు, కన్ను, మానసిక వైద్యము మొదలగు విభాగములకు చెందును. సామాజిక వైద్యమున మూడు నెలల శిక్షణ యుండవలెనని 1946లోనే భోర్ సంఘము సిఫారసు చేసియుండెను.

ఈ కాలమున యువవైద్యుడు రక్తనాళమునకు సూది ఎక్కించుట, గాయమును కుట్టుట, సహజ ప్రసవము చేయించుట, మందులచీటిని స్పష్టముగా వ్రాయుట నేర్చుకొనును. చేతులు సబ్బుతో 40 నుండి 60 సెకనులు కడుగవలెను. గుండె ఆగిన పెద్దవారికి రొమ్ముపై నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కవలెను. ఇవి పుస్తకమున చదివినంత సులభములు కావు. ఈతను గట్టున నిలిచి ఎవరు నేర్చుకొనగలరు? అయినను మొదట బొమ్మలపైనను, పిమ్మట పెద్దవైద్యుని కన్నుల యెదుటను, అటుపిమ్మటనే స్వయముగాను చేయుట పద్ధతి.

రెండు వారములు దాటిన దగ్గును “మగ్గముల ధూళివలన వచ్చినది” అని త్రోసిపుచ్చక క్షయ పరీక్ష చేయించుటయు ఈ శిక్షణలోని భాగమే. అన్నిటికంటె ముఖ్యమైనది, తనకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని సకాలమున పెద్దవారిని పిలుచుట. అట్లు పిలిచినవానిని చిన్నబుచ్చు పెద్దలు తమ శిష్యునికే గాక రోగికిని అపకారము చేసినవారగుదురు.

1994 నేర్పిన పాఠము

1994 సెప్టెంబరులో సూరత్‌నందు ఊపిరితిత్తుల ప్లేగు వ్యాపించినదన్న వార్త పుట్టగనే లక్షలాది జనులు నగరము విడిచిరి. వైద్యులలో సైతము పలువురు వెడలిపోయిరి. ఆ దినములలో ప్రభుత్వ వైద్యకళాశాలకు చెందిన న్యూ సివిల్ ఆసుపత్రిలో శిక్షణలోనున్న వైద్యులును, నర్సులును నిలిచి రోగులకు చికిత్స చేసిరి. ధైర్యము ఉపన్యాసములవలన రాదు; ఏ మందు ఈయవలెనో, ముఖమునకు గుడ్డ ఎట్లు కట్టుకొనవలెనో, రోగిని ఎచట వేరుగా నుంచవలెనో తెలిసిన చేతులకు భయమున్నను వణకు తగ్గును.

ప్రజలు చేయదగినది

యువవైద్యుని చూచి “వీడు పిల్లవాడు” అని విముఖులు కావలదు. మీ పని, పనివేళలు, వాడుచున్న మందులు, పూర్వపు జబ్బులు దాచక చెప్పుడు. అర్థము కానిచో మరల అడుగుడు. పెద్దవైద్యుని అభిప్రాయము కోరుటకు సంకోచింపకుడు. అది అవమానము కాదు. పరీక్షకుగాని చికిత్సకుగాని మీ సమ్మతి అడుగుట వైద్యుని విధి. సమ్మతించుటయు, నిరాకరించుటయు మీ హక్కు.

నేడు మీ ఎదుట జంకుతో నిలిచిన యువవైద్యుడే రేపు మీ బిడ్డల ప్రాణములు కాపాడు పెద్దవైద్యుడగును. అతని హస్తవాసిలో గురువుల శ్రమతోపాటు, ఓర్పుతో తమ బాధను వివరించిన రోగుల పాలును గలదు.