లెక్కలు చదివే పిల్లకి ప్రయోగశాలలో పనేమిటి?

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లల్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. ఎంపీసీయా, బైపీసీయా? పదిహేనేళ్ల పిల్ల ఎటో ఒకవైపు వెళ్లిపోతుంది. లెక్కలవైపు వెళ్లిందంటే ఇక రోగాలూ, మందులూ, వాటి పరిశోధనా ఆ పిల్లకి ఈ జన్మకి లేవని పెద్దవాళ్లమే తీర్మానించేస్తాం. అది నిజం కాదండీ.

ఇంజనీరింగో, ఫిజిక్సో, లెక్కలో చదివే డిగ్రీ పిల్లల్ని వేసవి సెలవుల్లో జీవ, వైద్య పరిశోధనశాలల్లో ఉంచుకుని పని నేర్పే పద్ధతి ఒకటుంది. జీవశాస్త్రం రానివాళ్లకి అక్కడ ఏం పని అంటారా?

గుండె పరీక్షకి ఇ.సి.జి. తీస్తారు కదా. గుండె కొట్టుకున్నప్పుడు మన ఒంటిమీద దొరికే విద్యుత్తు సుమారు ఒక మిల్లీవోల్టు. అంటే వోల్టులో వెయ్యోవంతు అన్నమాట! మన గోడల్లోని కరెంటేమో సెకనుకి 50 సార్లు ఊగుతూ అందులోకి చొరబడుతుంది. గుండె గీత మీద సన్నని వణుకులా కనబడుతుంది. ఆ వణుకుని తీసెయ్యడం ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లకి క్లాసులో చెప్పిన పాఠమే. కాని మరీ గట్టిగా వడకడితే వణుకుతోపాటు గుండె గీతలోని చిన్న చిన్న మెలికలూ పోతాయి. ఏ మెలిక పోతే ప్రమాదమో డాక్టరు పక్కన కూర్చుంటే తెలిసినట్టు పుస్తకం చూస్తే తెలియదు. బియ్యంలో రాళ్లు ఏరాలంటే ఏది బియ్యమో, ఏది రాయో ముందు తెలియాలి గదా.

అక్కడ నేర్చుకునేది ఇంకొకటుంది. పెరుగు తోడుకున్నది తోడు వల్లనేనని రుజువు చెయ్యాలంటే, అవే పాలు తోడు వెయ్యకుండా మరో గిన్నెలో పక్కనే పెట్టి చూడాలి. ప్రయోగశాలలో ఆ రెండో గిన్నె లేనిదే ఎవరూ మాట నమ్మరు. యంత్రాలకి అలవాటుపడ్డ పిల్లలకి ప్రాణమున్న కణాలతో పని విసుగ్గానే ఉంటుంది. నిన్న వచ్చిన ఫలితం ఇవాళ రాదు. మొదటి రెండు వారాలూ పిల్ల ఫోన్లో ఏడ్చినా వెంటనే వచ్చెయ్యమనకండి.

ఇలా దారి మళ్లినవారిలో గొప్పవాళ్లున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్ చదివింది భౌతికశాస్త్రం. మన చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తు మూడు పేటల తాడులా పెనవేసుకుని ఉంటుందని 1954లో గోపీనాథ్ కర్తాతో కలిసి చెప్పారు. వెంకీ రామకృష్ణన్ అయితే ఫిజిక్సులో డాక్టరేట్ పుచ్చుకున్నాక మళ్లీ విద్యార్థిగా చేరి జీవశాస్త్రం చదువుకున్నారు. 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

మన దేశంలో బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, కొంత భత్యం. ఇంజనీరింగ్ పిల్లలూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకి అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల శిక్షణ పేరున్నదే గాని, 2025 వేసవిలో దాన్ని రద్దు చేశారు గనక ఏ ఏటికాయేడు కనుక్కోవాలి. మన దగ్గరే డబ్బు కట్టించుకుని, పదిరోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే వ్యవహారాలు మాత్రం నాకు నచ్చవు.

ఆడపిల్లని అంతదూరం ఎలా పంపడమని సంకోచిస్తారు. హాస్టలు ఉందా, పని చూపించేదెవరు, రాత్రి ఎన్నింటిదాకా ఉండాలి, ఇవన్నీ మొహమాటం లేకుండా ముందే అడగండి. మనుషుల రక్తం ముట్టుకునే పని ఉందేమో కూడా అడగండి. బైపీసీ పిల్లలకి తెలిసిన జాగ్రత్తలు మన పిల్లకి తెలియవు: చేతికి తొడుగు, ప్రయోగశాలలో ఏమీ తినకపోవడం, నోటితో ఏదీ పీల్చకపోవడం. రక్తంతో పని అయితే హెపటైటిస్-బి టీకా ఉండాలి. మామూలుగా అది ఆరు నెలల్లో మూడుసార్లు వేస్తారు. వేసవి దరఖాస్తులూ ముందు ఏడాది చివర్లోనే అడుగుతుంటారు గనక, టీకా సంగతీ, మాస్టారి సిఫార్సు ఉత్తరం సంగతీ దసరా సెలవుల్లోనే కదిలించండి.