ట్రాక్టరు రోల్ బారు సరిగా అమరనిచో ఏమి చేయవలెను?

ట్రాక్టరు కొనునపుడు దాని హార్సుపవరు చూతుము, టైర్లు చూతుము, అప్పు వాయిదాలు లెక్కించుకొందుము. సీటు వెనుక నిలువుగా ఉండు ఇనుప చట్రమును మాత్రము పట్టించుకొనము. దీనినే రోల్ బారు అందురు. ట్రాక్టరు బోల్తా పడినపుడు డ్రైవరు నలిగిపోకుండ కాపాడునది ఇదియే. అయితే బారు ఉన్నంత మాత్రమున చాలదు. అది ట్రాక్టరుకు సరిగా అమరి ఉండవలెను. సరిగా అమరని బారును నమ్ముకొనుట పుచ్చిన మోకును పట్టుకొని బావిలో దిగుట వంటిది.

బారు ఎందుకు?

దమ్ము చేయునపుడు వెనుక చక్రములు బురదలో కూరుకొని తిరుగక నిలిచిపోయిన, యాక్సిలు చుట్టూ ట్రాక్టరే పైకి లేచును. ముందు చక్రములు గాలిలోకి లేచిన తరువాత ఇక ఆపుటకు వీలులేని స్థితికి వచ్చుటకు ఒక సెకను కూడ పట్టదు. క్లచ్చి తొక్కవలెనను ఆలోచన వచ్చులోపల పని ముగియును. గట్టు అంచున, కాలువ కట్టపై పోవునపుడు ప్రక్కకు పడుటయు ఇట్లే జరుగును. గట్టి బారు ఉన్నచో ట్రాక్టరు పూర్తిగా తలక్రిందులు గాక చాలవరకు ప్రక్కకు ఒరిగి ఆగును. సీటు చుట్టూ మనిషి బ్రతుకుటకు చాలినంత చోటు మిగులును.

స్వీడను దేశములో 1959 నుండి క్రొత్త ట్రాక్టర్లకు ఈ రక్షణ చట్రము తప్పనిసరి చేసిరి. 1957లో అచ్చట లక్ష ట్రాక్టర్లకు ఏటా 12 మంది బోల్తాలలో చనిపోవుచుండిరి. 1990 నాటికి ఆ సంఖ్య 0.2కు తగ్గెను. ఒక ఇనుప చట్రము ఎంత మేలు చేయగలదో దీనినిబట్టి తెలియును.

మెట్టుగూడలో చూచిన సంగతి

సికింద్రాబాదులోని మెట్టుగూడ రైల్వే వారు ఎక్కువగా ఉండు పేట. దగ్గరనే లాలాగూడ రైల్వే వర్కుషాపు కలదు. అక్కడి ఒక చిన్న షెడ్డుకు ఒక రైతు తన పాత ట్రాక్టరును, వేరుగా కొన్న రోల్ బారును తెచ్చెను. కుడికాలు చక్కగా కూర్చున్నది. ఎడమకాలి పలక మాత్రము యాక్సిలు పెట్టెకు ఆనక సందు విడిచినది. నాలుగు రంధ్రములలో రెండు కలియలేదు. "గ్యాసుతో రంధ్రము పెద్దది చేయుడు, లేదా జాకీ పెట్టి కాలు సాగదీయుడు, సాయంత్రమునకు ఊరు చేరవలెను" అని రైతు తొందరపెట్టెను.

వయసు మళ్ళిన ఫిట్టరు అందుకు ఒప్పుకొనలేదు. బారును విప్పి చదును నేలపై పరుండబెట్టి కొలిచెను. బారులో వంకర లేదు. తరువాత యాక్సిలు పెట్టెను గోకి చూడగా, మడ్గార్డు పట్టీ ఒకటి పలక క్రింద చిక్కుకొని ఉన్నది. దానిపై ఏళ్ళ తరబడి గడ్డకట్టిన మట్టి, పెయింటు ఉన్నవి. పట్టీని దాని చోటికి జరిపి, శుభ్రము చేసి పెట్టగా నాలుగు బోల్టులు చేతితోనే దిగినవి. గ్యాసు మంట పెట్టి ఉన్నచో తప్పు అట్లే ఉండి, బారు బలము మాత్రము పోయి ఉండెడిది.

తప్పు ఎచ్చట ఉన్నదో కనుగొనుట

1. ట్రాక్టరును చదును నేలపై నిలిపి, రెండు వెనుక టైర్లలో గాలి సమానముగా ఉంచి, రసమట్టముతో చూడవలెను. ట్రాక్టరే ఒరిగి ఉన్నచో మంచి బారు కూడ వంకరగా కనిపించును.

2. ఎడమకాలి అడుగు నుండి కుడి పైమూలకు, కుడికాలి అడుగు నుండి ఎడమ పైమూలకు టేపుతో కొలువవలెను. రెండును సమానముగా ఉండవలెను.

3. కొలతలు తేడా వచ్చినచో బారును విప్పి నేలపై పెట్టి మరల కొలువుడు. అప్పుడును తేడా ఉన్నచో బారే వంగినది. నేలపై సరిపోయి ట్రాక్టరుపై తేడా వచ్చినచో తప్పు బిగించు చోటున ఉన్నది.

4. పలక చుట్టూ సన్నని కాగితము దూర్చి చూడుడు. ఎచ్చటనైన దూరినచో అచ్చట పలక ఆనలేదని అర్థము. యాక్సిలు పెట్టె పోత ఇనుము. సందు ఉండగా బలవంతముగా బిగించినచో చెవులు పగులును.

బిగించు విధము

మొదట తుప్పు, గ్రీజు, మందపు పెయింటు గోకి తీయవలెను. బోల్టులన్నియు చేతితో వదులుగా ఎక్కించి, బారును అటునిటు కదిపి సర్దుకొననీయవలెను. ఒక కాలు పూర్తిగా బిగించిన తరువాత రెండవ కాలి జోలికి పోకూడదు. రెండు కాళ్ళ బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించి, చివరకు కంపెనీ పుస్తకములో చెప్పిన లెక్కకు టార్కు పానాతో ముగింపవలెను. పది గంటల పని తరువాత మరల ఒకసారి సరిచూడవలెను.

బోల్టు తలపై 8.8 అను గుర్తు సాధారణముగా ఉండును. దాని అర్థము, చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడుకు ఓర్చునని. బజారులో దొరకు మామూలు 4.6 బోల్టు అందులో సగమే ఓర్చును. రెండును చూచుటకు ఒకే రీతిగా ఉండును. కంపెనీ చెప్పిన తరగతి బోల్టునే వాడవలెను. పొడవు కూడ ముఖ్యమే. మూసిన రంధ్రములో పొడవు బోల్టు అడుగు తాకినచో పానాకు బిగుతుగా తోచును, పలక మాత్రము వదులుగానే ఉండును.

చేయకూడని పనులు

రంధ్రమును గ్యాసుతో కోయకూడదు. కాళ్ళకు వెల్డింగు పెట్టకూడదు. వేడి తగిలిన చోట ఉక్కు గుణము మారును. బారును కోసి పొట్టి చేయకూడదు. సందులో వాషర్లు దొంతరగా పేర్చకూడదు. అట్లు చేసిన బోల్టుపై వంగుడు భారము పడి అది విరుగును. ఎంత సర్దినను రంధ్రములు కలియనిచో ఆ బారు మీ మోడలుకు చెందినది కాదని గ్రహించి తిరిగి ఇచ్చివేయవలెను. ఒకసారి బోల్తా పడిన బారు పైకి బాగుగా కనిపించినను మార్చవలసినదే.

ఎండకు వేయించుకొను రేకు టాపు రోల్ బారు కాదు. ఊరి వెల్డింగు షాపులో పైపులతో చేయించిన చట్రమును కూడ పరీక్షకు నిలిచిన బారుగా భావింపరాదు. మన దేశములో ట్రాక్టర్లను మధ్యప్రదేశములోని బుధ్నీ కేంద్ర సంస్థలో పరీక్షించుదురు. దక్షిణాది రైతులకు యంత్రములపై శిక్షణ ఇచ్చు కేంద్రసంస్థ అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కలదు.

బారు కాపాడలేనివారు

బారు సీటులో బెల్టు పెట్టుకొని కూర్చున్న ఒక్కనినే కాపాడును. మడచు బారును చెట్ల క్రిందకు పోవునపుడు దించి, బయటకు రాగానే మరల ఎత్తి పిన్ను వేయవలెను. దించిన బారు లేని బారుతో సమానము. బారు మడచి ఉన్నపుడుగాని, బారు లేని ట్రాక్టరుపైగాని బెల్టు పెట్టుకొనరాదు. మడ్గార్డుపై కూర్చుండబెట్టుకొన్న పిల్లవానికి, ట్రాలీలోని కూలీలకు ఈ బారు అక్కరకు రాదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ట్రాలీ కాలువలో పడి 15 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖమును ఏ చట్రమును ఆపలేకపోయెడిది. ట్రాలీలో మనుషులను ఎక్కింపకుండుటయే దానికి మందు.

గ్రామాధికారులు, వ్యవసాయ విస్తరణాధికారులు నాట్లకు ముందు రైతు వేదిక వద్ద ఒకనాడు ట్రాక్టర్లను పిలిపించి, ఒక టేపు, ఒక కాగితపు ముక్క, ఒక పానా చేతబట్టి పై నాలుగు పరీక్షలు చేయింపవచ్చును. ఒక్కొక్క ట్రాక్టరుకు అరగంట చాలును. దమ్ములోనికి దిగకముందు ఆ అరగంట వెచ్చించుడు. సాయంత్రము ఇంటివద్ద మీకొరకు ఎదురుచూచువారు కలరు.