అవతారపురుషుని ఆనవాలు

మా ఉప్పలు కూడలినుండి యాదగిరిగుట్టకును, ఓరుగల్లునకును బస్సులు పోవుచుండును. తెల్లవారక మున్నే కొబ్బరికాయల సంచులతో యాత్రికులు అచ్చట నిలిచియుందురు. గుట్టమీది నరసింహుడు దేవుడా కాదా యని వారిలో నెవ్వరును సంశయింపరు. కాని దేవుడు మన వీధిలోనే, రెండవ అంతస్తు ఇంటిలో, మనుష్యరూపమున దిగియున్నాడని వినినప్పుడు గృహిణి యేమి చేయవలెను? కడచిన ఆషాఢమాసమున ఈ ప్రశ్న మా గడప దాటి లోనికే వచ్చినది.

నాచారమున కాపురముండు ఇల్లాలొకతె నాకు చెల్లెలి వరుస. ఆమె భర్త రెండేండ్లుగా మంచమున నున్నాడు. ఉప్పలునకు వచ్చిన ఒక స్వామి సాక్షాత్తు దత్తాత్రేయుని అవతారమనియు, చేతి బంగారు గాజులు హోమమునకు సమర్పించినచో రోగము నయమగుననియు శిష్యులు ఆమెతో చెప్పిరి. ఆమె నాయొద్దకు వచ్చి, "అక్కా, నువ్వు భాగవతం చదివినదానివి గద. ఆయన దేవుడో కాదో నువ్వే చెప్పు. నువ్వు అవునంటె ఇచ్చేస్త" అనెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. మా నాయనగారు చిన్ననాట నాచేత భాగవతము చదివించిరి గాని దేవుని పోల్చుకొను విద్య నేర్పలేదు. పైగా ఈ విషయమున నేనును తప్పు చేసినదాననే. పెండ్లియైన రెండవ యేట, సంతానాపేక్షచేత, మా అమ్మ యిచ్చిన ముక్కుపుడకను ఒక సాధువు చేతిలో పెట్టితిని. అది నూతిలో పడినదనియే మావారు నేటివరకు ఎరుగుదురు. ఈ పత్రిక చదివినచో నిజము తెలియును, తెలియనిండు.

అవతారమనగా దిగుట. మనము పది యవతారము లని వ్రేళ్లమీద లెక్క పెట్టుదుము. భాగవత ప్రథమస్కంధము 20కి పైగా పేర్కొని, ఎండని కొలనునుండి వేలకొలది కాలువలు పారినట్లు హరి యవతారములు లెక్కకు మిక్కిలి యని చెప్పును. కనుక ఇప్పు డెవ్వరును అవతరింపరని తలుపు మూయుటకు మనకు వీలులేదు. పూర్ణావతారము, అంశావతారము, ఆవేశావతారము అని పెద్దలు మరియొక భేదమును చెప్పుదురు. పరశురామునియందు దైవము ఆవేశించినది; దశరథరాముడు వైష్ణవధనుస్సు నందుకొనగానే ఆ తేజస్సు అతనిని వీడినది. ఒకనాడు మహాత్ముడైనవాడు ఎల్లనాళ్లును అట్లే యుండునని నమ్మకము లేదన్నమాట.

దొంగ అవతారములు ఈ కాలమున పుట్టినవని కొంద రనుకొందురు. దశమస్కంధమున కరూశదేశపు రాజు పౌండ్రకుని కథ కలదు. అవివేకులు చేరి, "నీవే జగత్పతివి, వాసుదేవుడవై అవతరించితివి" అని పొగడగా పొగడగా అతడు అట్లే నమ్మెను. వాసుదేవుడను నేనొక్కడనే, నా చిహ్నములను విడిచి శరణు చొచ్చుమని ద్వారకకు దూతను పంపి కృష్ణునకే చెప్పించెను. ఉగ్రసేనాదులు సభలో బిగ్గరగా నవ్విరట. యుద్ధమునకు వచ్చునప్పటికి అతనికి శంఖము, చక్రము, కౌస్తుభము, పట్టుపుట్టము, గరుడధ్వజము, అన్నియు నున్నవి. రంగస్థలమున నిలిచిన నటునివలె నుండెనని శుకుడు చెప్పును. నాకు పౌండ్రకునిమీదకంటె ఆ పొగడినవారిమీద కోపము. చిత్రమేమనగా, పగతోనైనను ఎడతెగక హరినే తలచినందున అతనికి చివరకు హరిసారూప్యము కలిగెను.

నటుడన్న మాట వచ్చినది గనుక మా నాచారము సంగతి చెప్పవలెను. నందమూరి తారక రామారావుగారు రామకృష్ణ స్టూడియో నెలకొల్పినది ఈ యూరనే. 1957లో వచ్చిన మాయాబజారున కృష్ణుడుగను, 1963లో వచ్చిన లవకుశలో రాముడుగను ఆయనను చూచి స్త్రీలు సినిమాహాలులోనే హారతు లిచ్చిరి. తిరుమల యాత్రికులు చెన్నపట్టణము పోయి ఆయన యింటియెదుట దర్శనమునకు నిలిచెడివారు. మా అత్తగారి దేవునిగూటిలోని కృష్ణుని పటమున ఉన్నది ఆయన మొగమే. 1983లో ఆయన ముఖ్యమంత్రి యైనారు. 1989లో కల్వకుర్తి ప్రజలు ఆయననే ఎన్నికలలో ఓడించిరి. భక్తి యింతేనా యని కొందరు నవ్వుదురు. నేను నవ్వను. హారతి కృష్ణునకు ఇచ్చిరి; ఓటు మనుష్యునకు ఇచ్చిరి, మనుష్యునకే మానిరి. ఈ రెండును వేరని మా అత్తగారికి ఎవ్వరును బోధింపలేదు, ఆమెకు తెలియును. వేషము వేషమని ఎరిగియే మ్రొక్కుట వీధిభాగవతముల నాటినుండి మనకు అలవాటు. వేషము వేసికొనినందున పౌండ్రకుడు చెడలేదు, దానిని విప్పనందున చెడెను.

నిజముగా వచ్చిన దేవుని పోల్చుకొనుట మాత్రము సులభమా? నగరము దాటి పడమటికి పోయినచో గోలకొండ కలదు. పాల్వంచ పరగణాకు తహసీలుదారై, సర్కారు పైకముతో భద్రాచలమున గుడి కట్టించిన కంచెర్ల గోపన్నను చెరలో నుంచినది అచ్చటనే. 12 ఏండ్ల పిమ్మట రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేళ్లతో అర్ధరాత్రమున తానీషాయొద్దకు వచ్చి, 6 లక్షల మొహరీలు చెల్లించి రశీదు పుచ్చుకొనిరని మనవారు చెప్పుకొను కథ. ఆ తానీషాయే 1687లో ఔరంగజేబునకు గోలకొండను కోల్పోయిన అబుల్ హసన్. కన్నులార చూచినది ఆయన. ఎవరిని చూచితినో తెలిసినది తరువాత. ఏండ్లకొలది పిలిచి పిలిచి గొంతెండిన గోపన్నకు దర్శనమే లేదు, తలక్రింద రశీదు దొరికినది. నాకు ఈ కథలో ఆ రశీదుమీదనే మక్కువ. వచ్చిన దేవుడు ఏమియు అడుగలేదు. బాకీ తీర్చి, కాగితము వ్రాయించి పోయినాడు.

అట్లని అడుగువారందరును దొంగలనుటకు వీలులేదు. కృష్ణుడే అడిగినాడు. ఓరుగల్లు బస్సు పోవు దిక్కుననే, ఇప్పటి జనగామ జిల్లాలో, పోతనగారి బమ్మెర కలదు. ఆయన తెనిగించిన దశమస్కంధమున ఆ ఘట్టమును నేను మా చెల్లెలికి చదివి వినిపించితిని. గోపబాలురకు ఆకలియైనది. యాగము చేయుచున్న బ్రాహ్మణులను అన్నమడుగుడని కృష్ణుడు వారిని పంపెను. ఆ పండితులు ఔననలేదు, కాదనలేదు. ఈమారు వారి భార్యలను అడుగుడని పంపెను. అంతకు మున్ను కృష్ణుని పేరు వినుటయే గాని ఎన్నడును చూడని ఆ యిల్లాండ్రు, మగలు, అన్నదమ్ములు అడ్డుపడినను ఆగక, చతుర్విధాన్నములతో యమునయొడ్డునకు పోయిరి. మగడు పట్టి యాపిన ఒకతె మనసులోనే స్వామిని కౌగిలించి అచ్చటనే దేహము విడిచెను. ఉపనయనము లేదు, గురుకులవాసము లేదు, ఐనను వీరు తెలిసికొనిరి, మనము తెలిసికొనలేదని మగలు పిదప ఏడ్చిరి. ఏడ్చియు, కంసునకు వెరచి, వారు మాత్రము పోలేదు! ఆ యన్నమును స్వామి మొదట గోపబాలురకు పెట్టించి, తాను తరువాత ఆరగించెను.

మా చెల్లెలు అంతయు విని, "ఆయనైతె అన్నమే అడిగిండు గద అక్కా" అని లేచిపోయెను. నేను అవునని గాని కాదని గాని చెప్పలేదు.

గురుపూర్ణిమనాడు ఆమె తెల్లవారుజామున లేచి పులిహోరయు, దధ్యోదనమును వండి పెద్ద గిన్నెతో ఉప్పలునకు తెచ్చెను. తోడుగా నేనును పోతిని. మెట్లమీదనే శిష్యుడు ఆపి, స్వామివారు బయటి అన్నము ముట్టరనియు, గాజులు తెచ్చితిరా యనియు అడిగెను. ఆమె గిన్నె నెత్తుకొని దిగివచ్చెను. ప్రక్కన కట్టుచున్న మేడయొద్ద కూలివాండ్ర పిల్లలు ఇసుకలో ఆడుకొనుచుండిరి. మోదుగాకు విస్తళ్లు కొనితెచ్చి ఇద్దరమును వడ్డించితిమి. వారిలో ఒక పిల్లవాడు పులిహోరలోని మిరపకాయలన్నియు ఏరి నా చేతిలో పెట్టెను.

గాజులు ఆమె చేతులకే యున్నవి. భర్తకు ఇంకను మందు లిచ్చుచున్నారు. ఆమె ఆడుబిడ్డ మాత్రము తన గొలుసు ఆ స్వామికి సమర్పించినది. వీధిలో ఎదురైనప్పుడు నాతో మాటలాడదు.