ఎడారి విహారం: వెన్నుకు, దాహానికి వహించవలసిన జాగ్రత్తలు

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి ఎద్దుల బండ్లు కట్టుకొని వచ్చిన తరం వారికి ప్రయాణపు కుదుపు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. బండిలో చొప్ప పరచి, దానిపై బొంత వేసి, పెద్దవారిని కుదురుగా కూర్చుండబెట్టి, మజ్జిగ వెంట ఉంచుకొని బయలుదేరడం వివేకవంతుల పద్ధతి. నేడు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతాల కుటుంబాలవారు కూడ రాజస్థానంలోని జైసల్మేరు ఇసుక తిన్నెలను చూడబోతున్నారు. గల్ఫు దేశాలలో ఉద్యోగం చేసే బిడ్డల వద్దకు వెళ్ళిన తల్లిదండ్రులు దుబాయి ఎడారిలో ఒక సాయంకాలం గడిపి వస్తున్నారు. ఒంటె సవారీ, క్వాడ్ బైకు అనే నాలుగు చక్రాల మోటారు బండి, తిన్నెలపై ఎగసి దూకే జీపు ఈ విహారంలోని ఆకర్షణలు.

సాధారణంగా జరిగేది ఇది. "అమ్మా, నాయనా, టిక్కెట్లు తీసేశాను, సాయంత్రం బయలుదేరాలి" అంటాడు కుమారుడు. తల్లికి నడుము నొప్పి ఉన్నది. తండ్రికి మొలల బాధ ఉన్నది. డబ్బు వృథా అవుతుందని, బిడ్డ చిన్నబుచ్చుకుంటాడని ఇద్దరూ నోరు విప్పరు. ఆ మొగమాటం ఫలితంగా తిరిగివచ్చిన తరువాత వారాల తరబడి మంచం పట్టవలసి రావచ్చును. కనుక ఎవరు ఏది ఎక్కవచ్చునో, ఏది ఎక్కరాదో టిక్కెట్టు కొనకముందే ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించుకొనవలెను.

శాస్త్రం చెప్పినది

ఆయుర్వేదం భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించినది. నీరు, చెట్లు తక్కువగా ఉండి, ఎండ, గాలి అధికంగా ఉండేది జాంగల దేశం. అక్కడ వాతం సహజంగానే ప్రబలుతుంది. మన పశ్చిమ కర్నూలు మెట్టభూములకు ఈ లక్షణాలు కొంత వర్తిస్తాయి. ఎడారికి సంపూర్ణంగా వర్తిస్తాయి.

ఒంటె సవారీ గురించి చరక సంహిత ఏనాడో హెచ్చరించినది. అర్శస్సులకు, అనగా మొలలకు, కారణాలను చెప్పునప్పుడు ఒంటెపై ప్రయాణాన్ని పేర్కొన్నది. వాతవ్యాధుల అధ్యాయంలో ఏనుగు, ఒంటె, గుర్రం, వేగంగా పోయే వాహనాల నుండి పడిపోవడాన్ని కారణాలలో చేర్చినది. క్వాడ్ బైకు నాటికి లేకపోయినను "వేగంగా పోయే వాహనం" అనే మాట దానికి చక్కగా సరిపోతుంది.

ఒంటెపై కూర్చున్నప్పుడు

ఒంటె నడకలో ఒకే పక్కనున్న ముందుకాలు, వెనుకకాలు కలిసి కదులుతాయి. అందువలన సవారీ చేసేవారి నడుము ఊయల వలె ఊగుతుంది. అంతకంటె జాగ్రత్త అవసరమైనది అది లేచే క్షణంలో. ఒంటె ముందుగా వెనుక కాళ్ళను లేపుతుంది కనుక మనిషి ముందుకు తూలుతాడు. ఆ సమయంలో జీనుకున్న పిడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని వెనుకకు వాలవలెను. కూర్చునేటప్పుడు అది ముందు మోకాళ్ళు వంచుతుంది. అప్పుడును వెనుకకే వాలవలెను. చీర కుచ్చెళ్ళు, చున్నీ వ్రేలాడనీయరాదు. మొదటిసారి ఎక్కేవారికి పది, పదిహేను నిమిషాల సవారీ చాలును.

ఒంటె పాలు స్వల్పంగా ఉప్పదనం, ఉష్ణ గుణం కలిగి, తేలికగా జీర్ణమై, ఆకలిని పెంచుతాయని శాస్త్రం చెప్పినది. అయితే వాటిని కాచి మాత్రమే త్రాగవలెను. 2012లో సౌదీ అరేబియాలో మొదటిసారిగా గుర్తించిన మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధికి ఒంటెలతో సంబంధమున్నట్లు తేలినది. పచ్చిపాలు త్రాగరాదు. ఒంటెను తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

క్వాడ్ బైకు, జీపు

క్వాడ్ బైకుకు నాలుగు చక్రాలున్నవి కదా, పడదులే అనుకోవడం భ్రమ. తిన్నె వాలుపై అడ్డంగా తిప్పినప్పుడు అది బోల్తా పడి, దాని బరువంతా నడిపేవారిపై పడగలదు. తలకు శిరస్త్రాణం, కాళ్ళకు బూట్లు లేనిదే ఎక్కరాదు. ఒక్కరి కోసం చేసిన బండిపై ఇద్దరు కూర్చొనరాదు. పదహారేండ్ల లోపు పిల్లలను వీటిపై ఎక్కించరాదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచించినది.

జీపు ఇసుకలోనికి దిగేముందు డ్రైవరు చక్రాలలో గాలి తగ్గిస్తాడు. ఇసుకలో కూరుకొనిపోకుండుటకు అది ఉపాయం. తిన్నె శిఖరం నుండి బండి ఒక్కసారిగా దిగినప్పుడు ఆ దెబ్బ నేరుగా వెన్నుపూసలకు తగులుతుంది. ఎముకలు గుల్లబారిన వృద్ధులలో పూస నలిగే ప్రమాదమున్నది. పెల్టు బిగించుకొని, వీపును సీటుకు ఆనించి కూర్చొనవలెను. "మెల్లగా నడపండి" అని ముందుగానే చెప్పుటకు సంకోచించరాదు.

ఎక్కరాని వారు

గర్భిణులు, వెన్నుపూస లేక మెడ వ్యాధి ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, గుండె జబ్బు ఉన్నవారు, ఎముకలు గుల్లబారినవారు, చిన్నపిల్లలు జీపు దూకుళ్ళకు, క్వాడ్ బైకుకు పూర్తిగా దూరంగా ఉండవలెను. మొలలు, నడుము నొప్పి ఉన్నవారు ఒంటె సవారీని కూడ మానుట మేలు. వీరు సూర్యాస్తమయ వేళ మెత్తని ఇసుకపై నాలుగడుగులు నడచినను ఎడారి అందం సంపూర్ణంగా దక్కుతుంది.

వంటింటి సన్నాహం

పొడిగాలిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కనుక ఒంటిలోని నీరు ఎంత తగ్గినదో తెలియదు. దాహం వేసేవరకు ఆగక కొద్దికొద్దిగా నీరు త్రాగుచుండవలెను.

• రెండు చెంచాల ధనియాలను నలుగగొట్టి, రాత్రి ఒక గ్లాసు నీటిలో నానబెట్టి, ఉదయం వడగట్టి పటికబెల్లంతో సేవించినచో దాహం, ఒంటి మంట శాంతిస్తాయి. మధుమేహ రోగులు పటికబెల్లం లేకుండ త్రాగవలెను.

• వాంతులు, విరేచనాలు అయినచో కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి గ్రుక్కెడు గ్రుక్కెడుగా ఇవ్వవలెను.

• జీపులో కడుపు త్రిప్పేవారు అరగంట ముందు చిన్న అల్లం ముక్కను ఉప్పుతో నమలవలెను. నిండు కడుపుతో ఎక్కరాదు.

• విడిదిలో రాత్రి భోజనం ఆలస్యం కావచ్చును. మధుమేహానికి మందు వాడేవారు జొన్నరొట్టె, వేరుశనగలు వంటివి వెంట ఉంచుకొనవలెను.

• తలకు, ముక్కుకు ఎమ్మిగనూరు నేత తువాలు వంటి పలుచని నూలుబట్ట చుట్టుకొనవలెను. కంట్లో ఇసుక పడినచో నలుపరాదు. శుభ్రమైన నీటితో కడుగవలెను.

దుబాయి వెళ్ళేవారికి ఒక ముఖ్య గమనిక: ఆ దేశంలో గసగసాలు నిషిద్ధం. వంట దినుసులతోగాని, మందులతోగాని పొరపాటున కూడ తీసుకొనిపోరాదు. వాడుచున్న మందులకు వైద్యుని చీటీ వెంట ఉండవలెను.

కాలం, రాత్రి చలి

నవంబరు నుండి మార్చి వరకు ఈ విహారానికి అనుకూలమైన కాలం. వేసవిలో దుబాయి పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటగలదు. శీతాకాలంలో సూర్యుడు అస్తమించగానే ఇసుక త్వరగా చల్లారుతుంది. జైసల్మేరులో డిసెంబరు, జనవరి రాత్రులు గజగజ వణికిస్తాయి. కనుక శాలువ, చెవులకు గుడ్డ తప్పనిసరి.

తిరిగివచ్చిన రాత్రి గోరువెచ్చని నువ్వుల నూనె నడుముకు, తొడలకు మృదువుగా మర్దన చేసి, వేడినీటి స్నానం చేసినచో అలసట వలన కలిగిన వాత ప్రకోపం తగ్గుతుంది. అయితే నొప్పి కాలిలోనికి దిగినను, తిమ్మిరి పట్టినను, మూత్రం బిగిసినను మర్దన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. ఎండలో మాట తడబడి, ఒళ్ళు కాలిపోతూ, స్పృహ తప్పుతున్నవారిని నీడకు చేర్చి, ఒళ్ళంతా నీటితో తడిపి, విసరుతూ వైద్యశాలకు తరలించవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

పెద్దలు తమ బాధను బిడ్డలకు ముందుగా చెప్పుట బలహీనత కాదు. బిడ్డలును టిక్కెట్టు కొనకముందు ఒక్క మాట అడుగుట ధర్మం: "అమ్మా, నడుము ఎట్లున్నది?"