బాతులకు రాత్రి గూడు - పేదింటికి గుడ్డు దక్కాలంటే

కొల్లేటి చుట్టుపక్కలా, కృష్ణా గోదావరి డెల్టాల్లోనూ వ్యవసాయ కూలీల పెరట్లో నాలుగు బాతులుండటం కొత్తేమీ కాదు. నాట్లకూ కోతలకూ మధ్య పని దొరకని రోజుల్లో ఉప్పూ పప్పూ కొనేది ఆ గుడ్ల డబ్బుతోనే. పగలంతా కాలవలో, మురుగుబోదెలో నత్తలూ పురుగులూ ఏరుకు తింటాయి గనుక మేత ఖర్చు తక్కువ. కాని ఒక్క రాత్రి కుక్కలో, నక్కో, జంగుపిల్లో పడిందంటే ఆరునెలల పెంపకం నేలపాలే. ఆసామి గేదె చస్తే బీమా ఉంటుంది. కూలి ఇంటి బాతు పోతే అడిగే నాథుడు లేడు. కాబట్టి మన కాపలా మనమే చూసుకోవాలి.

గూడు దొంగజంతువుల భయానికే కాదు, గుడ్డు కోసం కూడా. బాతు గుడ్డు పెట్టేది తెల్లవారుజామున. చాలావరకు ఉదయం 9 గంటల లోపే పెట్టేస్తుంది. గూటికి తిరిగొచ్చి పెట్టాలనే పట్టింపు దానికి లేదు, కాలవ గట్టునో, నీళ్లలోనో వదిలేస్తుంది. చీకటితోనే తలుపు తీసి కూలికి పోతే ఆ గుడ్డు ఎవరి పాలో! అందుకని ఎనిమిది తొమ్మిది దాకా లోపలే ఆపాలి.

నాట్ల రోజుల్లో పొద్దు పొడవకముందే మడిలో దిగే ఆడకూలీకి ఇదెట్లా కుదురుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పేదేమంటే, పక్కపక్కనున్న మూడు నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒకే గూడు కట్టుకోండి. తలుపు తీసే పని ఇంటి పట్టునుండే ముసలివాళ్లకు వంతులవారీగా అప్పగించండి. ఎవరి బాతులకు వారు రెక్క మీద రంగు పూస్తే తగాదా ఉండదు. గుడ్లు పెట్టలెన్నో ఆ లెక్కన పంచుకోవచ్చు.

ఇక కట్టడం సంగతి. బాతుకు 3 చదరపు అడుగుల చోటు చాలు. పది బాతులకు 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు సరిపోతుంది. బాతు కోడిలా కర్ర మీద ఎక్కి పడుకోదు, నేలమీదే ఉంటుంది. కనుక ముఖ్యమైనది నేల. అడుగు ఎత్తు మెరక పోసి దిమ్మిస కొట్టాలి. లేకపోతే వానాకాలం గూడు బురదగుంటే. చుట్టూ పునాదిలో జానెడు లోతున రాళ్లో ఇటుక ముక్కలో పాతితే కుక్క, పందికొక్కు తవ్వలేవు.

గోడ కింద రెండడుగులు తడికె కట్టి మట్టి మెత్తాలి. పైన గాలి ఆడేట్టు సన్నకంతల ఇనపవల బిగించాలి. వల కంత పెద్దదైతే ముంగిస దూరుతుంది. పైకప్పుకు తాటాకు చాలు. మనిషి వంగి లోపలికెళ్లి ఊడ్చేటంత ఎత్తుండాలి. తలుపు రెండున్నర అడుగుల వెడల్పుండాలి, ఎందుకంటే బాతులు ఒక్కసారిగా తోసుకొస్తాయి. గడప, మెట్లు వద్దు. ఏటవాలుగా మట్టి పోస్తే చాలు. వాటి కాళ్లు బలహీనం. అందుకే కాళ్లు పట్టుకుని ఎత్తకూడదు కూడా.

లోపల ఊకో, ఎండుగడ్డో నాలుగంగుళాల మందాన పరవాలి. బాతు రెట్ట నీళ్లగా ఉంటుంది, పరుపు త్వరగా తడుస్తుంది. తడిసింది తీసి కొత్తది వేస్తుండాలి. బూజు పట్టిన గడ్డి, బూజు పట్టిన వేరుశనగ చెక్క దగ్గరకు రానివ్వకండి. ఆ బూజు విషానికి బాతు తట్టుకోలేదు. రాత్రి మేత పెడితే పక్కన నీళ్లు తప్పకుండా ఉండాలి, ముక్కు రంధ్రాలు మునిగేటంత లోతున. మూలన మూడు బాతులకొకటి చొప్పున అడుగు చదరం గడ్డి పెట్టెలు పెడితే గుడ్లు శుభ్రంగా దొరుకుతాయి.

ఎంత మంచి గూడైనా రోగాన్ని ఆపలేదు. బాతు ప్లేగుకు టీకా ఉంది. పశువైద్యశాలకు నలుగురూ కలిసి వెళ్లి, మన పేటకొచ్చి వేయమని గట్టిగా అడగాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. బాతు ఆ రోగాన్ని పైకి కనపడకుండా మోయగలదు. అందుకే కోళ్లనూ బాతులనూ వేరువేరుగా ఉంచాలి. నాలుగైదు ఒక్కసారి చస్తే కాలవలో పారేయకుండా వెంటనే కబురు చెయ్యాలి.

నాలుగు వెదుళ్లు, నాలుగు కమ్మలు, రెండ్రోజుల మన చేతిపని. కోతలయ్యాక పనుల్లేని వారంలో మొదలుపెడితే వానలకు ముందే గూడు లేస్తుంది. రెండు సెంట్ల జాగాలో కూలి కుటుంబం మిగుల్చుకునేది కొంచెమే. ఆ కొంచెమైనా నక్కపాలు కానివ్వద్దు.